గార్డు తాతయ్య తలతిరుగుడు

"పూలకి నా ఫారంలో గడి లేదమ్మా," అన్నాడు ఆఫీసరు.

ఆ ఒక్క మాటతో పార్కు పని అయిపోయింది.

విజిల్ గేటు వైపు చూసింది. ఊళ్లో అందరూ ఆమెను విజిల్ అనే పిలుస్తారు. పార్కుకి సూపర్‌వైజరు ఆమే, కాపలా ఆమే, గేటుకి తాళం వేసేదీ ఆమే. మెడలో ఎప్పుడూ ఒక స్టీలు ఈల. గడ్డి తొక్కినవాడికి ఒక ఈల, పువ్వు కోసినవాడికి రెండు, కోసిన పువ్వు జేబులో దాచినవాడికి వాడు గేటు దాటేదాకా ఆగని ఈల. పదిహేనేళ్లుగా ఆమె బతుకంతా ఈ పార్కే.

రైల్వేతో పుట్టి రైల్వేతో పెరిగిన చిన్న ఊరు అది. చారిత్రక స్థలాల జాబితా రాయడానికి ఆఫీసరు తొమ్మిదీ పది బండిలో దిగాడు. నాలుగూ నలభై బండికి వెళ్లిపోతాడు. ఈలోగా ఏ స్థలం మీద సంతకం పెడితే అది బతుకుతుంది. పెట్టకపోతే మునిసిపాలిటీ ఇష్టం. నీళ్ల ట్యాంకు, సిగ్నల్ క్యాబిన్, ఇనుప వంతెన, రాతి గోడౌన్ నాలుగూ గట్టెక్కాయి. మిగిలింది పార్కు. జాబితాలో లేకపోతే దాన్ని చదును చేసి కార్లు నిలిపే చోటుగా మార్చాలని మునిసిపాలిటీ ముందే తీర్మానించింది. కాంట్రాక్టరు ఆగలేక ప్రొక్లెయినర్‌ని పొద్దున్నే తెచ్చి గేటు ముందు నిలబెట్టేశాడు. దాని బకెట్టు పళ్లు గులాబీల వైపే చూస్తున్నాయి.

"ఇది ఒకప్పుడు ఇంజన్ యార్డు సార్," అంది విజిల్. "ఇక్కడే ఇంజన్లు తిప్పే చక్రం ఉండేది. పెద్దవాళ్లని ఎవర్నైనా అడగండి."

"ఉండేది. నేనూ చదివాను." ఆఫీసరు ఫైలు తెరిచాడు. సన్నటి మనిషి. మెడలో దిక్సూచి, జేబులో టేపు, చెవి మీద పెన్సిలు. "ఆవిరి ఇంజను వెనక్కి సరిగా పరిగెత్తదు. అందుకే దాన్ని గుండ్రటి పళ్లెం లాంటి దాని మీదికి ఎక్కించి, ఇటు మొహాన్ని అటు తిప్పేవాళ్లు. అలాంటివి ఇప్పుడు దేశం మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ ఊళ్లో ఒకటి ఉండేది. ఇదిగో, రిజిస్టరులో. 'తొలగించడమైనది.' కింద సంతకం. ఇప్పుడున్నది ఏమిటి? పూలు."

"చాలా మంచి పూలు సార్."

"మంచివే. గడి లేదు."

అయినా పద్ధతి ప్రకారం ప్లాను గీశాడు. పార్కు మధ్యలో పెద్ద గుండ్రటి పచ్చిక, దాని చుట్టూ రాళ్ల అంచు. పచ్చిక మీద ఒక పక్క గులాబీలు, ఒక పక్క బంతులు, నడుమ ప్లస్సు గుర్తులా నాలుగు కంకర దారులు. అంచున ఒక బెంచీ. ఆఫీసరు దిక్సూచి చూసుకుని రాశాడు: బెంచీ ఉత్తరాన, నీళ్ల ట్యాంకుకి ఎదురుగా.

ఆ బెంచీ మీద గార్డు తాతయ్య కూర్చుని ఉన్నాడు. రైళ్లలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. మెడకి తెల్లటి పట్టీ వేసుకుని, కొయ్యబొమ్మలా బిగుసుకుని కూర్చుంటాడు.

"తాతగారికి మెడనొప్పా?" అడిగాడు ఆఫీసరు.

"తలతిరుగుడు బాబూ," అన్నాడు తాతయ్య దిగులుగా. "ఇరవై ఏళ్లుగా. కునుకు తీసేముందు నీళ్ల ట్యాంకు చూస్తూ ఉంటాను. లేచేసరికి ఎదురుగా సిగ్నల్ క్యాబిన్ ఉంటుంది. ముగ్గురు డాక్టర్లని మార్చాను. చెవిలో చుక్కలు, మాత్రలు, ఇప్పుడీ పట్టీ. ఆ ట్యాంకు మాత్రం ఆగదు."

"పాపం," అన్నాడు ఆఫీసరు. ప్లాను మడిచి, "భోంచేసి వచ్చి, ఒకసారి సరిచూసుకుని, ఆఖరి మాట రాసేస్తాను," అన్నాడు.

గేటు దగ్గర కాంట్రాక్టరు నవ్వుతూ దారిచ్చాడు. భారీ మనిషి. ఆయన నవ్వితే ముందు పొట్ట నవ్వుతుంది, తర్వాత మొహం. "ఏం విజిలూ, సాయంత్రం ఇంకో ఈల ఊది గేటు వేసెయ్. ఆఖరి ఈల కదా, గట్టిగా ఊదు!"

విజిల్ పళ్లు కొరుక్కుంటూ ఆఫీసర్ని స్టేషను క్యాంటీనుకి తీసుకెళ్లింది. వెళ్తూ వెనక్కి చూస్తే బాబాయి కనిపించాడు, రేకు పెట్టె పక్కన, తలపాగా సర్దుకుంటూ.

బాబాయి అంటే విజిల్ నాన్నకి తమ్ముడు. ఈ పార్కుకి మొదటి తోటమాలి, ఇప్పటిదాకా ఆఖరి తోటమాలి కూడా ఆయనే. డెబ్బై దాటినా రోజూ వస్తాడు. ఆయన పూలకి ఒక పేరుంది. ఏ పాదు చూసినా అన్ని వైపులా సమంగా పూస్తుంది, ఎండ తగలని పక్కంటూ ఉండదు. ఎలా అని అడిగితే చెయ్యి ఊపేసేవాడు. రోజూ మధ్యాహ్నం ఎండకి పార్కు ఖాళీ అయ్యాక, అంచు బయటున్న రేకు పెట్టె తెరిచి, లోపలి పిడిని తిప్పుతూ ఉంటాడు. నీళ్లు వదిలే పిడి అని చెప్పాడు. ఆ మాట నమ్మి, పెట్టె మీద 'నీళ్లు - ముట్టరాదు' అని ఎర్ర రంగుతో రాసింది విజిలే.

రెండింటికి తిరిగి వచ్చారు.

ఆఫీసరు దారి అంచున నిలబడి ప్లాను విప్పాడు. చూశాడు. కాగితాన్ని పావు వంతు తిప్పి మళ్లీ చూశాడు. దిక్సూచిని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తర్వాత మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"సార్! ఏమైంది?"

"ఏం లేదమ్మా. కొంచెం నీళ్లివ్వండి. షుగరు పడిపోయినట్టుంది." ఆయన నుదుట చెమట పట్టింది. "ఆ బెంచీ... పొద్దున ఉత్తరాన ఉంది కదూ?"

విజిల్ చూసింది. బెంచీ తూర్పున ఉంది. పెద్ద చెట్టు నీడలో, సిగ్నల్ క్యాబిన్‌కి ఎదురుగా. ఎవరో జరిపారనుకుంది. కానీ గులాబీలు? పొద్దున క్యాబిన్ వైపున్న గులాబీ పాదు మొత్తం ఇప్పుడు స్టేషను వైపు ఉంది. బంతులు గోడౌన్ పక్క నుంచి ట్యాంకు పక్కకి వచ్చేశాయి. పదిహేనేళ్లుగా పూలు కోసే చేతుల్నే చూసింది కానీ, పూలు ఏ దిక్కున ఉన్నాయో ఆమె ఎప్పుడూ చూడలేదు. కంకర దారులు మాత్రం బయటి దారులతో చక్కగా కలిసే ఉన్నాయి.

బెంచీ మీద గార్డు తాతయ్య కళ్లు తెరిచాడు. క్యాబిన్‌ని చూశాడు. "మొదలైంది," అని నిట్టూర్చాడు. అంతలో నేల మీద కూలబడ్డ ఆఫీసరు ఆయన కంటపడ్డాడు. తాతయ్య మొహం వెలిగిపోయింది.

"బాబూ! మీకూ తిరుగుతోందా?"

"తిరుగుతోందండీ!"

"అమ్మయ్య! ఇరవై ఏళ్లకి తోడు దొరికింది! ఎడమ చెవిలో చుక్కలు వేసుకోండి, కుడి చెవిలో మాత్రం వద్దు, నాకు అక్కడే తేడా కొట్టింది..."

"మోసం!" కాంట్రాక్టరు గేటు దగ్గర్నుంచి అరుచుకుంటూ వచ్చాడు. "సార్, ఇది ఈవిడ చేసిన పనే! మిమ్మల్ని కంగారు పెట్టి సంతకం కొట్టెయ్యాలని బెంచీ జరిపింది!"

"బెంచీ ఒక్కటే అయితే మీరన్నట్టే అనుకుందును," అన్నాడు ఆఫీసరు కూర్చునే. "గులాబీ చెట్లని వేళ్లతో సహా ఎవరు జరుపుతారండీ, గంటన్నరలో?"

విజిల్ బుర్ర రైలింజనులా పరిగెత్తింది. గంటన్నర. మధ్యాహ్నం. పార్కులో ఎవరూ లేని వేళ. ఆమె చూపు రేకు పెట్టె మీద పడింది. బాబాయి దాని పక్కనే ఉన్నాడు. ఆమె చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"బాబాయ్, చేతులు చూపించు."

"ఏముందమ్మా, మట్టి..."

ఈల మోగింది. బాబాయి ఉలిక్కిపడి రెండు చేతులూ ముందుకి చాపాడు. అరచేతుల నిండా నల్లటి గ్రీజు.

"నీళ్లు వదిలే పిడికి గ్రీజెందుకు?"

బాబాయి చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"రోజూ నలభై చుట్లు తిప్పుతావు. ఆ పిడి తిప్పితే నీళ్లు రావడం నేనెప్పుడైనా చూశానా? మొక్కలకి నీళ్లు పట్టేది అటు పక్క కుళాయి నుంచి కదా!" ఆమె ఒక అడుగు ముందుకేసింది. "బాబాయ్... ఈ పచ్చిక కింద ఏముంది?"

బాబాయి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఒకసారి ప్రొక్లెయినర్ వైపు చూశాడు, ఒకసారి ఆఫీసరు వైపు. తర్వాత యాభై ఏళ్ల బరువు ఒక్కసారి దించేసినట్టు చెప్పేశాడు.

"చక్రమే తల్లీ."

ఆఫీసరు స్ప్రింగులా లేచి నిలబడ్డాడు.

"నేను మొదట్లో ఇంజన్లు తిప్పేవాణ్ని," అన్నాడు బాబాయి. "డీజిలు వచ్చాక చక్రాన్ని పాత ఇనుముకి పంపమని ఆర్డరొచ్చింది. గుమాస్తా తొందర మనిషి. మర్నాడు సెలవు పెట్టుకున్నాడు, అందుకని తియ్యకముందే తీసేసినట్టు రాసి, సంతకం పెట్టి ఊరెళ్లిపోయాడు. ఇనుము వాళ్లు లారీ తెచ్చి రిజిస్టరు చూశారు. తొలగించడమైనది అని ఉంది. కాగితంలో లేనిదాన్ని మేమెలా పట్టుకెళ్తాం అన్నారు. వెళ్లిపోయారు."

"వెళ్లిపోయారా!" అన్నాడు ఆఫీసరు. ఆయన మొహంలో ఎక్కడా లేని ఆనందం.

"వెళ్లిపోయారండీ. మరి లేదని రాశాక కనిపించకూడదు కదా? పైన ఖాళీ లేకుండా పలకలు పరిచాను, మట్టి పోశాను. ఉత్త మట్టి చూస్తే ఎవరైనా అడుగుతారని పూలు వేశాను. పూలు చూసి జనం వచ్చారు. జనాన్ని చూసి మునిసిపాలిటీ వాళ్లు పార్కు అని బోర్డు పెట్టారు. ఇక చెప్పే సందే దొరకలేదు."

"మరి రోజూ ఎందుకు తిప్పుతావు?" అంది విజిల్.

"తిప్పకపోతే పట్టేస్తుందమ్మా! మధ్యాహ్నం పావు చుట్టు ఇటు, తెల్లారకముందే మళ్లీ వెనక్కి. దారులు కలవాలి కదా, అందుకని సరిగ్గా పావే. పూలకి అన్ని పక్కలా ఎండ తగులుతుంది. గార్డు గారు ఎప్పుడూ ఎండలో ఉన్న ఆ బెంచీ మీదే నిద్రపోతారు. ఆయన మొహం మీద ఎండ పడకుండా చెట్టు నీడలోకి..."

"ఒరేయ్ తోటమాలీ!" గార్డు తాతయ్య లేచి నిలబడ్డాడు. "ఇరవై ఏళ్లు! మూడు సీసాల చుక్కలు కాదు, మూడు బీరువాల చుక్కలు! నా మెడకి పట్టీ వేయించావు కదరా!"

"మీరు హాయిగా గురకపెడుతున్నారని లేపలేదండీ."

తాతయ్య పట్టీ లాగి పారేశాడు. మెడ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "నాకేం లేదు," అన్నాడు నమ్మలేక. "ఒరేయ్, నాకేం లేదురా!" అంటూ కిలకిలా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు విజిల్‌కి అంటుకుంది. అక్కడినుంచి ఆఫీసరుకి.

ముందు తేరుకున్నది ఆఫీసరే. వాచీ చూశాడు. మూడు కావస్తోంది. ఫారం తీశాడు. "గడి ఉంది! 'యంత్రములు.' కానీ ఒక షరతు. బరువుతో సహా, నా కళ్లెదుట పూర్తిగా ఒక చుట్టు తిరగాలి. నా బండి కూత వినపడేలోపు. తిరిగితే సంతకం. సగంలో ఆగితే పాడైన ఇనుము అని రాయాలి, నేను అబద్ధం రాయలేను."

విజిల్ ఈల ఊదింది. ఈసారి గడ్డి తొక్కొద్దని కాదు. ఊరంతా వచ్చి తొక్కమని.

పావుగంటలో స్టేషను వీధి మొత్తం పార్కులో ఉంది. క్యాంటీను వాళ్లు, కూలీలు, స్కూలు టీచర్లు, మందులషాపు ఆయన తక్కెడతో సహా. అందరూ ఎగబడి పచ్చిక ఎక్కి, ఆఫీసరున్న పక్కకే చేరారు, ఆయన మొహం చూడాలని. బాబాయి పిడి పట్టి తోశాడు. చక్రం మూలిగింది. కదల్లేదు.

"పట్టేసింది! అయిపోయింది!" చప్పట్లు కొట్టాడు కాంట్రాక్టరు.

"పట్టెయ్యలేదు!" బాబాయి గొంతు పాతికేళ్ల కుర్రాడి గొంతులా ఖంగుమంది. "ఇది తక్కెడ లాంటిది! నడుమ ఒక్క ఇరుసు మీద నిలబడుతుంది. ఇంజనైనా అంగుళం చూసి నిలబెట్టేవాళ్లం. అందరూ ఒక పక్కే నిలబడితే ఎలా తిరుగుతుంది? సర్దుకోండి! సన్నటివాళ్లు అటు, బొద్దుగా ఉన్నవాళ్లు ఇటు!"

ఎవరు బొద్దు అన్న దగ్గర పెద్ద గొడవైంది. క్యాంటీను ఆవిడ తాను సన్నమే అని ఒట్టేసింది. బాబాయి మొహమాటం లేకుండా వేలు చూపించి నిలబెట్టాడు. ఒక కూలీకి ఇద్దరు టీచర్లు. మందులషాపు ఆయనకి ఎదురుగా ఆయన బావమరిది. అరగంట సర్దినా గోడౌన్ వైపు తేలిపోతూనే ఉంది.

"నూట పది కిలోలు తక్కువైంది," అన్నాడు బాబాయి కళ్లు చిట్లించి. ఊళ్లో మనుషులైపోయారు. టైము నాలుగు.

అప్పుడు కాంట్రాక్టరుకి మండింది. "ఇదేం సర్కసండీ! దిగండి అందరూ! మునిసిపాలిటీ స్థలం ఇది!" అంటూ దగ్గర్లో ఉన్న గోడౌన్ వైపు నుంచి రాళ్ల అంచు దాటి, పచ్చిక మీదికి ధనధనా నడిచొచ్చాడు.

కాళ్ల కింద ఏదో తేలికగా, తియ్యగా సర్దుకున్నట్టు అందరికీ తెలిసింది.

"నూట పది," అన్నాడు బాబాయి.

గార్డు తాతయ్య బెంచీ ఎక్కి నిలబడి, జేబులోంచి పచ్చ రుమాలు తీసి ఊపాడు. విజిల్ పిడి అందుకుంది. ఊరు కదిలింది.

చక్రం చప్పుడు కూడా చెయ్యలేదు. యాభై ఏళ్ల గ్రీజు మరి. నీళ్ల ట్యాంకు పక్కకి జరిగింది, సిగ్నల్ క్యాబిన్ వచ్చింది, స్టేషను వచ్చింది, రైలు కిటికీలోంచి చూస్తున్నట్టు ఊరంతా ఊరి ముందు నుంచే వెళ్తోంది. జనం కేరింతలు కొట్టారు. టీచర్లు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. క్యాంటీను ఆవిడ తన హోటలుకే చెయ్యి ఊపింది. ఆఫీసరు నడుమ నిలబడి దిక్సూచిని చేతిలో పట్టుకుని, "ఉత్తరం! ఈశాన్యం! తూర్పు!" అని అరుస్తున్నాడు. పిడి దగ్గర చేతులు మారుతున్నాయి, విజిల్ తర్వాత బాబాయి, బాబాయి తర్వాత మళ్లీ విజిల్. కాంట్రాక్టరు కూడా నోరు తెరుచుకుని చూస్తూండిపోయాడు, తన ప్రొక్లెయినర్ తన ముందు నుంచి వెళ్లిపోతుంటే.

అదే కొంప ముంచింది. మూడు పావులు తిరిగాక, ప్రొక్లెయినర్‌ని చూసి ఆయనకి తన పని గుర్తొచ్చింది. "నాతోనే నా పని చెడగొట్టిస్తారా!" అని ఒక్క గంతులో కిందికి దూకేశాడు.

చక్రం మూలిగి ఆగిపోయింది.

నాలుగున్నర. దూరంగా, వంతెన అవతల, బండి ఇంకా కనిపించడం లేదు కానీ పట్టాలు సన్నగా పలుకుతున్నాయి.

"ఎక్కండి సార్, దండం పెడతాను," అంది విజిల్.

"చచ్చినా ఎక్కను," అన్నాడు కాంట్రాక్టరు చేతులు కట్టుకుని.

ఆయన వెనక ప్రొక్లెయినర్ తలుపు తెరుచుకుంది. పొద్దుట్నుంచీ నోరు విప్పని డ్రైవరు దిగాడు. "అన్నా, నేను ఎక్కనా? పొద్దున్నుంచీ చూస్తున్నాను, ఆగలేకపోతున్నాను."

"నువ్వు నా మనిషివిరా!"

"మీ మనిషినే అన్నా. ఒక్క రౌండు." అంచు దాటి ఎక్కేశాడు.

బాబాయి చూశాడు. "ఎనభై రెండు. ఇంకో ఇరవై ఎనిమిది కావాలి!"

డ్రైవరు తల గోక్కున్నాడు. గబుక్కున కిందికి దిగి, యంత్రం పెట్టెలోంచి రెండు ఇనుప ముక్కలు తీసి చెరో చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. బకెట్టుకి మార్చి వేసే కొత్త పళ్లు. ఈ పార్కు గట్టిగా ఉంటుందని ప్రత్యేకంగా తెప్పించినవి. "ఒక్కోటి పద్నాలుగు కిలోలు తాతా! సరిపోతుందా?"

"అక్కడే నిలబడు నాయనా, ఊపిరి కూడా మెల్లగా పీల్చు!"

విజిల్ పిడి మీద బరువంతా వేసింది. చక్రం ఆలోచించింది. కదిలింది. గులాబీలు క్యాబిన్ దాటాయి. బండి వస్తోందని దూరంగా హోమ్ సిగ్నల్ రెక్క వాలింది. బెంచీ నీళ్ల ట్యాంకు మలుపు తిరిగింది. జనం లెక్కపెడుతున్నారు, ముప్పై ఆరు, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. నలభయ్యో చుట్టు దగ్గర నాలుగు కంకర దారులు బయటి నాలుగు దారులతో కరుచుకున్నాయి. అదే క్షణాన వంతెన అవతల బండి కూత వేసింది.

ఆఫీసరు ఫారాన్ని గార్డు తాతయ్య వీపు మీద పెట్టి సంతకం చేశాడు. 'తొలగించడమైనది' అన్న చోట గీత కొట్టి, పక్కన 'తిరుగుచున్నది' అని రాశాడు. ఒక నకలు విజిల్ చేతిలో పెట్టి స్టేషనుకి పరుగు తీశాడు. తిన్నగా పరిగెత్తాలనే ప్రయత్నించాడు పాపం. రెండుసార్లు గోడౌన్ వైపు పోయి, పోర్టర్లు రెక్కలు పట్టుకుని రైలు పెట్టె ఎక్కిస్తే, కిటికీలోంచి తల బయటపెట్టి బండి మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ప్రొక్లెయినర్ వెనక్కి తిరిగింది. కాంట్రాక్టరు మాత్రం వెళ్లలేదు. జనం పలచబడేదాకా గేటు పట్టుకుని నిలబడి, చివరికి విజిల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నాది మూడు పావులే అయింది కదా. మిగతా పావు ఎప్పుడు?"

"మధ్యాహ్నం పన్నెండున్నరకి," అంది విజిల్. "గడ్డి మీద చెప్పులు విప్పి ఎక్కాలి."

మర్నాడు పన్నెండున్నరకి ఆమే రేకు పెట్టె తెరిచింది. తన ఎర్ర అక్షరాలని చూసి సిగ్గుపడి, 'నీళ్లు' అన్న మాట చెరిపేసింది. 'ముట్టరాదు' అన్నది ఉంచేసింది. బాబాయి చెట్టు కింద కూర్చుని, ఈ ఒక్క రోజుకి పని లేనివాడిలా చేతులు చూసుకుంటున్నాడు. కాంట్రాక్టరు చెప్పులు చేత్తో పట్టుకుని, బాబాయి చూపించిన చోట బుద్ధిగా నిలబడ్డాడు. గార్డు తాతయ్య బెంచీ మీద కాళ్లు బారజాపి, బోసిమెడ మీద కొత్త తువ్వాలు వేసుకున్నాడు.

"ఇవాళ నన్ను ఎక్కడ దింపుతావమ్మాయ్?"

"సిగ్నల్ క్యాబిన్ దగ్గర తాతయ్యా."

"అయితే అక్కడికొచ్చాక లేపు," అన్నాడు తాతయ్య కళ్లు మూసుకుంటూ. వెంటనే ఒక కన్ను తెరిచి, పచ్చ రుమాలు తీసి ఊపాడు.